ఎక్కుపెట్టిన మాట

మూడో పీరియడంతా త్రినాధరావు మేస్టారి గొంతుకీ, వరండాలో నాగూర్ మీరా సుత్తికీ పోటీ నడిచింది. సుత్తే గెలుస్తోంది.

కిందటి వారం గాలివానకి కొమ్మ విరిగి కిటికీ మీద పడింది. ఊచలన్నీ లోపలికి వంగిపోయాయి. వాటిని సాపు చెయ్యడానికి హెడ్మాస్టరు గారు ఇనప కొట్ల వీధి నుంచి మీరాని పిలిపించారు. మీరా ఊచల్ని ఊడదీసి, గచ్చు మీద గోనెపట్టా పరిచి, దాని మీద ఇనపదిమ్మ పెట్టుకుని, గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి తిప్పి కొడుతున్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా ఎస్సెస్సెల్సీ క్లాసులో బల్లల మీద సిరాబుడ్లు కూడా సన్నగా వణుకుతున్నాయి.

"బెండ్, బెంట్, బెంట్," అన్నాడు త్రినాధరావు, బోర్డు మీద రాసినదాని కింద సుద్దముక్కతో గీత గీస్తూ. "వంచు. వంచెను. వంచబడిన."

వెనక బల్లల వాళ్ళ మెడలు అప్పటికే వరండా వైపు తిరిగిపోయాయి. ఆ మాట పుట్టుక గురించి చెబుదామని అతను పొద్దుటే సిద్ధపడి వచ్చాడు. మాటల వేళ్ళు తవ్వి చూపించడమంటే అతనికి సరదా. కానీ వినేవాడేడీ?

త్రినాధరావు బెత్తం పట్టని మేస్టారని అనకాపల్లిలో పేరు. బెత్తం చెయ్యాల్సిన పని ఆయన నాలుకే చేస్తుందని పిల్లలకి మాత్రమే తెలుసు. మంచి మాటొకటి నోటికి తట్టిందంటే పెదవి చివర సన్నటి నవ్వు కదిలేది. ఆ నవ్వు కనపడితే చాలు, క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టి, ఈసారి ఎవరి మీద పడుతుందా అని ఎదురు చూసేది.

ఆ నవ్వు ఇప్పుడు కదిలింది.

"సరే. అందరూ బయటికే చూడండి. పాఠం అక్కడే ఉంది," అన్నాడు. "నాగూర్ మీరా బెండ్స్ ది అయర్న్. అర్థమైందా? ది అయర్న్ ఈజ్ బెంట్."

అప్పుడే మీరా ఇంకో ఊచ అందుకుందామని లేచాడు. లేచాడన్నమాటే గానీ నిలబడినట్టు లేదు. నడుం సగంలోనే ఆగిపోయింది. మెడకంటే భుజాల ఎముకలే ఎత్తుగా ఉన్నాయి. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఎన్నో ఏళ్ళు బెల్లం పెనాలు బాగుచేస్తూ వంగిన వీపు అది, పని అయిపోయినా పనిలోనే ఉన్నట్టుంటుంది.

త్రినాధరావు సుద్దముక్కని ఆ వీపు వైపు చూపించాడు.

"అండ్ నాగూర్ మీరా ఈజ్ ఆల్సో బెంట్!"

క్లాసు గొల్లుమంది. బల్లలు చరిచారు. వరండాలో మీరాకి తన పేరు వినపడింది. తల పక్కకి తిప్పి కిటికీలోంచి చూశాడు. నవ్వుతున్న పిల్లల్ని చూసి తనూ నవ్వాడు. మసి చెయ్యి లుంగీకి తుడుచుకుని నుదుటికి ఆనించి మేస్టారికి సలాం చేశాడు. క్లాసు మళ్ళీ గొల్లుమంది.

ఆడపిల్లల బల్ల మీద ఒకమ్మాయి మాత్రం తల పైకెత్తలేదు. ముక్కు పుస్తకానికి తగిలేంతగా వంగి ఉంది. ఉదాహరణ రాసుకుంటోంది కాబోలు, బుద్ధిమంతురాలు, అనుకున్నాడు త్రినాధరావు.

ఆ మర్నాడు సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి భార్య తలుపులమ్మ ఉల్లిపాయ తరుగుతోంది.

"అట్ల పెనం పిడి ఊడిపోయిందండీ. బెంటు మీరా కొట్లో ఇచ్చొచ్చేను. రేపిత్తానన్నాడు," అంది.

"ఎవరి కొట్లో?"

"అదేనండీ, ఇనప కొట్ల వీధిలో ఆ వంగిపోయినాయన లేడూ? బెంటు మీరా. కూరలమ్మి దగ్గర నుంచి అందరూ ఆ మాటే అంటన్నారు. ఏటో మరి, పలకడానికి బాగానే ఉంది." తలుపులమ్మ నవ్వింది. ఉల్లిపాయకి వచ్చిన నీళ్ళు మోచేత్తో తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

త్రినాధరావు కూడా నవ్వబోయాడు. పెదవి కదిలింది గానీ నవ్వు రాలేదు. క్లాసులో అన్న మాట ఇంత తొందరగా ఊరు తిరిగి తన వంటింట్లోకి వస్తుందని అతను అనుకోలేదు. కాస్త గర్వం లాంటిదేదో పొడసూపింది కూడా. దాన్ని గుర్తుపట్టి, కంచం దగ్గరికి లాక్కుని, "పులుసులో ఉప్పెక్కువైందా?" అని సంబంధం లేని మాటొకటి అడిగాడు.

గురువారం హాజరు పిలుస్తుంటే హాజిరాబీ పలకలేదు. ముందు రోజూ పలకలేదని అప్పుడు గుర్తొచ్చింది. హాజిరాబీ ఇంగ్లీషులో క్లాసుకి మొదటో రెండో వచ్చే పిల్ల. జ్వరానిక్కూడా మానదు.

"హాజిరా ఏమైంది?" అని అడిగాడు పక్కన కూర్చునే బుల్లమ్మని.

బుల్లమ్మ నిలబడింది. ఓణీ చెంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. మగపిల్లల బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి... మీరా గారు ఆళ్ళ నాన్న, సార్," అంది బుల్లమ్మ. అని, తప్పు చేసినట్టు కూర్చుండిపోయింది.

త్రినాధరావు బోర్డు వైపు తిరిగాడు. రాయడానికేమీ లేకపోయినా తిరిగాడు. పుస్తకానికి ముక్కు ఆనించి వంగిన ఆ తల ఇప్పుడు కనపడింది అతనికి. ఉదాహరణ రాసుకుంటోందనుకున్నాడు!

బడి వదిలాక ఇంటికి పోకుండా ఇనప కొట్ల వీధికి నడిచాడు. చెరకు గానుగలు ఇంకా ఆడటం మొదలవలేదు. అయినా మునగపాక వైపు రైతులు బెల్లం వండే పెనాల్ని బళ్ళ మీద వేసుకుని అప్పటికే దిగుతున్నారు. ఒక్కొక్కటీ నవారు మంచమంత వెడల్పు. అడుగు కాలినవి, అంచు చిరిగినవి, రివిట్లు వదిలినవి వీధి పొడుగునా గోడలకి ఆనించి ఉన్నాయి. మీరా కొట్లో ఒక పెనం బోర్లా పడి ఉంది. దాని మీద మీరా వంగి, చిల్లి చుట్టూ రేకు మాటు వేసి అంచులు కొడుతున్నాడు. పక్కన మునగపాక సత్తియ్య చుట్ట కాలుస్తూ నిలబడ్డాడు.

"ఏం బెంటు మామా, ఆదోరానికి తెమిలిపోద్దా?" అంటున్నాడు సత్తియ్య. గొంతులో వెటకారమేమీ లేదు. పేరు పెట్టి పిలిచినట్టే పిలిచాడు.

"తెమిల్సేత్తాను సత్తియ్యా, ఎల్లిరా," అని పంపించేసి, మేస్టారిని చూసి మీరా సుత్తి కింద పెట్టాడు. "సలాం బాబూ! కబురెడితే నేనే వద్దును గదా. ఊసలు గానీ కదిలేయా ఏటి?"

"లేదు లేదు. హాజిరా బడికి రావట్లేదు. కనుక్కుందామని వచ్చాను."

"తలనొప్పంటాది బాబూ. ఆళ్ళమ్మ సొంటి రాసింది. తగ్గలేదంటాది." మీరా గుమ్మం వైపు చూశాడు. కొట్టుకీ ఇంటికీ మధ్య అడ్డంగా పాత దుప్పటి వేలాడుతోంది. దాని కింద రెండు పాదాలు కనపడుతున్నాయి. "బడంటే పేణం పెట్టే పిల్ల. ఏటయిందో. కూసోండి బాబూ."

లోపల్నుంచి మీరా భార్య పీరాంబీ పంపిన టీ గ్లాసు అందుకుని త్రినాధరావు చెక్క మీద కూర్చున్నాడు. నేను చెప్పాలి, అనుకున్నాడు. ఈ గ్లాసు కింద పెట్టగానే చెప్పేస్తాను.

"మీరొచ్చింది మంచిదయ్యింది," అన్నాడు మీరా. "మిమ్మల్నో మాట అడగాలనుకుంటన్నాను. ఊరోళ్ళంతా నన్ను బెంటు, బెంటు అంటన్నారు. రాంబిల్లి జాలరోళ్ళు బెండనుకున్నారు, వలకి కట్టే బెండు. అంత తేలిగ్గా ఉంటావా మామా అనడిగేరు." తనే నవ్వాడు. "సత్తియ్యనడిగితే ఆడికీ తెల్దు. మా పాపనడిగితే ముసుగెట్టి తొంగుంటాది. ఆ రోజు బళ్ళో పిల్లలు నవ్వేరు సూడండి, ఆ రోజు నుంచే. మీరేదో మంచి మాటే అనుంటారు, కుర్రనాకొడుకులు మార్చేసుంటారు. ఇంగ్లీసు మాటంట గదా. బెంటంటే ఏటి బాబూ?"

టీ గ్లాసు త్రినాధరావు చేతిలోనే ఉంది. దుప్పటి కింద పాదాలు కదలకుండా ఉన్నాయి.

నిజం చెప్పడానికే అతను నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చింది పాఠం.

"అది... చాలా పాత మాట మీరా. మొదట్లో దానికి వంచడమనే అర్థం లేదు. కట్టడం అని అర్థం. ఇంగ్లీషులో కట్టడాన్ని బైండ్ అంటారు, పట్టీని బ్యాండ్ అంటారు. ఇవన్నీ ఒక తల్లి బిడ్డలు. పూర్వం వాళ్ళు వింటికి తాడు కట్టడాన్ని బెండ్ అనేవారు. తాడు కట్టాలంటే విల్లుని వంచాలి కదా. అలా కట్టడం పోయి వంచడం మిగిలింది. అంటే బెంట్ అంటే... ఎక్కుపెట్టినది. బాణం వెయ్యడానికి సిద్ధంగా ఉన్న విల్లు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నిఘంటువులో ఎలా ఉందో అలాగే చెప్పాడు. మంగళవారం క్లాసులో చెబుదామనుకున్నదీ అదే. అయినా ఒక్కొక్క వాక్యం పూర్తవుతుంటే దొంగసొత్తు మూట కడుతున్నట్టుంది అతనికి.

మీరా కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులూ చాచి, ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో తాడు లాగినట్టు అభినయించాడు. వీపు ఇంకా వంగింది.

"ఎక్కుపెట్టిన ఇల్లా! పీరాంబీ, ఇనుకున్నావేటే? నానేటో అనుకుని బెంగెట్టుకున్నాను. అదీ సదువంటే! అంత మాట..." మీరా ఆగి, చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. "నన్నే అన్నారా బాబూ?"

త్రినాధరావు తల ఊపాడు. అవునన్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు.

దుప్పటి కింద పాదాలు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాయి.

సంత రోజు శనివారం త్రినాధరావు సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరాడు. కూరల కొట్లకి ఇనప కొట్ల వీధి మీంచి పోనక్కర్లేదు. అయినా కాళ్ళు అటే తీసుకుపోయాయి. వీధి మొదట్లోనే నవ్వులు వినపడ్డాయి. మీరా కొట్టు ముందు పదీ పదిహేను మంది గుమిగూడి ఉన్నారు.

కొట్టు చూరుకి కొత్త బోర్డు వేలాడుతోంది. కిరసనాయిలు డబ్బా రేకుని సాగగొట్టి, తెల్లరంగు వేసి, ఎర్రటి అక్షరాలతో రాయించాడు. "బెంట్ నాగూర్ మీరా. బెల్లం పెనములు బాగు చేయబడును." బండి బోర్డులు రాసే బావమరిది ఖాదర్ వలి చేత రాయించి ఉంటాడు. "బెంట్" పక్కన చిన్న విల్లు బొమ్మ కూడా ఉంది.

"మల్లీ సెప్పు మామా, మాకు తెల్దు గదా," అంటున్నాడొకడు.

"ఎన్నిసార్లు సెప్పాల్రా? పూర్వం రాజుల కాలం మాటది. ఇల్లు ఎక్కుపెట్టి ఉంటాది సూడు, అలాటోడని. త్రినాధరావు మేస్టారే సెప్పేరు."

"ఏదీ, ఓపాలి ఎక్కుపెట్టు."

మీరా సుత్తి పక్కన పెట్టాడు. చేతులు చాచాడు. లేని విల్లు పట్టి, లేని తాడు లాగాడు. వీపు మూపురంలా లేచింది. జనం పగలబడి నవ్వారు. మీరా వాళ్ళ మొహాలకేసి చూశాడు. నవ్వాడు గానీ ఈసారి నవ్వు సగంలో ఆగి, ఎందుకు నవ్వుతున్నారా అని వెతుక్కుంటున్నట్టు ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి కళ్ళు కదిలాయి. "కాదర్రా, మేస్టారే సెప్పేరు," అన్నాడు మళ్ళీ.

"ఇంకోపాలి మామా!"

త్రినాధరావు మూల మీద పెనాల పక్కన నిలబడ్డాడు. నాలుగడుగులు వేస్తే కొట్టు. గుంపులో తన క్లాసు కుర్రాళ్ళిద్దరున్నారు. వాళ్ళు తనని చూస్తారేమోనని పెనం చాటుకి జరిగాడు. జరిగాక గానీ తను దాక్కున్నానని అతనికి తెలియలేదు. వెనక్కి తిరిగి, ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేశాడు.

"కూరలేవీ?" అంది తలుపులమ్మ.

అతను వసారా అరుగు మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు తెచ్చిస్తే తాగలేదు. తలుపులమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆ చెయ్యి తీసేలోగా అతను మొత్తం చెప్పేశాడు. క్లాసు, సుత్తి, సుద్దముక్క, సలాం, హాజిరా, విల్లు, బోర్డు. చెబుతున్నంత సేపూ చెంబులో నీళ్ళకేసే చూశాడు.

తలుపులమ్మ అరుగు చివర కూర్చుంది.

"ఆ మాటన్నది మీరేనా?" అంది. "నానూ అన్నాను గదండీ. పెనం తెచ్చుకోడానికెళ్ళి మొహం మీదే అన్నాను, 'బెంటు మీరా, అయ్యిందా' అని. ఆయన సలాం సేసి మరీ ఇచ్చేడు." చీర కుచ్చెళ్ళు అనవసరంగా సర్దుకుంది. "నా నోట మీరే పెట్టేరన్నమాట."

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతారేటి? నాలుగు ముక్కలు సదువుకున్నదాన్నా నాను?" అంది తలుపులమ్మ కోపంగా. చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

ఆదివారం పొద్దున్నే త్రినాధరావు వెళ్ళేసరికి మీరా ఇంకా కొట్టు తెరవలేదు. ఇంటి ముందు పీట వేసుకుని పళ్ళు తోముకుంటున్నాడు. మేస్టారిని చూసి గబగబా పుక్కిలించి లేచాడు.

"లోపలికి వెళ్దాం," అన్నాడు త్రినాధరావు. లోపల తలుపు దగ్గరగా వేశాడు. ఒకటే గది. ఓ మూల పీరాంబీ పొయ్యి ఊదుతోంది. ఇంకో మూల హాజిరా చాప మీద కూర్చుని ఉంది. మేస్టారిని చూసి లేచి నిలబడింది, క్లాసులోలాగే.

"మీకో మాట చెప్పాలి," అన్నాడు త్రినాధరావు.

"మీకు అనకండి బాబూ, కొత్తగా ఉంటాది," అన్నాడు మీరా నవ్వి.

"విల్లు సంగతి నిజమే. కానీ నేను క్లాసులో అన్నది అది కాదు. మీరు వరండాలో లేచి నిలబడ్డప్పుడు మీ వీపుని చూపించి, ఇతను కూడా వంగిపోయాడు అన్నాను. పిల్లలు నవ్వాలనే అన్నాను. బెంటు అంటే వంగిపోయినవాడు. అంతే. మొన్న మీరు అడిగితే చెప్పలేక విల్లు కథ చెప్పాను."

పొయ్యి దగ్గర ఊదడం ఆగిపోయింది. మీరా భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"తప్పయిపోయింది," అన్నాడు త్రినాధరావు. "క్షమించమని అడగడానికి వచ్చాను."

"అయితే నిన్న ఆళ్ళు నవ్వింది..." అని మీరా ఆగిపోయాడు. నిన్న కొట్టు ముందు చేతులు చాచిన తనని తను ఇప్పుడు చూసుకుంటున్నట్టున్నాడు. కాసేపటికి, "నన్ను వంగిపోయినోడంటే నాకేటి బాబూ. వంగిపోయేను. అద్దం లేకపోయినా నాకు తెల్సు. ఈ పిల్ల ముందరన్నారు," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ మాట అంతమందిలో అన్నారు. ఈ మాట తలుపేసి సెప్తన్నారు."

త్రినాధరావుకి తను దగ్గరగా వేసిన తలుపు అప్పుడు కనపడింది.

"రేపు క్లాసులో అందరి ముందూ చెబుతాను," అన్నాడు.

"వద్దు సార్!" అంది హాజిరా. అంతవరకూ నేలచూపులు చూస్తున్న పిల్ల గబుక్కున తలెత్తింది. "క్లాసులో వద్దు. మీరు చెబుతున్నంత సేపూ అందరూ నాకేసే చూస్తారు. మళ్ళీ అదే." "మా నాన్నకి సలాం చెయ్యాల్సిన పనేంటి సార్ ఆ రోజు? ఎందుకు చేశాడు?"

ఆ ప్రశ్న తండ్రినడిగిందో మేస్టారినడిగిందో ఎవరికీ తెలియలేదు.

మీరా లేచి బయటికి వెళ్ళాడు. బోర్డు ఊడదీసి, అక్షరాలు లోపలికి తిప్పి గోడకి ఆనించాడు. కొట్టు తెరిచి, సత్తియ్య పెనాన్ని వెలుగులోకి లాక్కుని పనిలో పడిపోయాడు. పొమ్మనలేదు, ఉండమనలేదు.

త్రినాధరావు కొట్టు చెక్క మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాడు. వీధిలో జనం తిరగడం మొదలైంది. సైకిలు మీద పోతున్న కుర్రాడొకడు, "బెంటు మామోయ్, ఎక్కుపెట్టేవా?" అని అరిచి, చెక్క మీదున్న మనిషిని చూసి ఠక్కున కాలు కింద పెట్టాడు. తన క్లాసు వెంకటరమణ.

"ఇలా రా," అన్నాడు త్రినాధరావు. గొంతు పీలగా వచ్చింది. వీధికి వినపడేలా మళ్ళీ అన్నాడు. "ఆ మాట నాది. నేనన్నాను. అనకూడని మాట అన్నాను. ఇంకెవరూ అనొద్దు."

వెంకటరమణ నోరు తెరుచుకుని చూశాడు. ఎదురు కొట్టాయన తూకం ఆపి చూశాడు. "అలాగే సార్," అని కుర్రాడు సైకిలెక్కి పారిపోయాడు.

ఒకసారి చెబితే అయిపోతుందనుకున్నాడు. అవలేదు. వచ్చినవాడల్లా ఆ పేరుతోనే వచ్చాడు. నాతవరం నుంచి గునపం సాగగొట్టించుకోడానికి వచ్చిన ముసలాయన, పక్క వీధి టీ కొట్టు మనిషి, అందరూ. ప్రతిసారీ త్రినాధరావు లేచి నిలబడి, అదే మాట మొదటినుంచీ చెప్పాడు. చెప్పినకొద్దీ తేలికవుతుందనుకున్నాడు. అదీ అవలేదు. ప్రతి కొత్త మొహం ముందూ కొత్తగానే సిగ్గేసింది. కొందరు జాలిగా చూశారు. కొందరికి అర్థమే కాలేదు. ఎదురు కొట్లో ఎవరో, "మేస్టారికి బుర్ర బెంటయినట్టుందిరోయ్," అన్నారు. నవ్వులు వినపడ్డాయి.

మధ్యాహ్నానికి సత్తియ్య వచ్చాడు. అంతా విని చుట్ట నోట్లోంచి తీశాడు.

"అయితే ఏటంటారు మేస్టారూ? వంగినోణ్ణి వంగినోడంటే తప్పేటి? గుడ్డోణ్ణి గుడ్డోడంటాం. మా ఊళ్ళో నన్ను గూనోడి కొడుకంటారు. నాకేటయ్యింది?"

త్రినాధరావు నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాటలు ఆ క్షణాన ఒక్కటీ రాలేదు.

"ఆయన ఆ వీపు మీ పెనాల మీద వంచాడు," అన్నాడు చివరికి. "నేను దాన్ని పిల్లల్ని నవ్వించడానికి వాడుకున్నాను. ఆయన కూతురు అక్కడే కూర్చుని ఉంది."

సత్తియ్య చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకోలేదు. లోపలి దుప్పటి వైపు ఓసారి చూశాడు. "మామా," అన్నాడు మీరాతో, బెంటు అనకుండా, "తొందరేం లేదులే. మంగళారం వత్తాను." వెళ్ళిపోయాడు.

ఎండ చెక్క మీదికి వచ్చింది. మీరా ఇప్పుడు పెనాన్ని ఒక పక్కకి వాలుగా ఎత్తి, రివిట్టు తలని కింద నుంచి ఒక చేత్తో ఆపి పై నుంచి కొట్టబోయాడు. పెనం జారింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ జారింది.

"ఆ సివర నొక్కి పట్టుకోండి," అన్నాడు, అతనికేసి చూడకుండానే.

త్రినాధరావు చొక్కా చేతులు మడిచి పెనం అంచు పట్టుకున్నాడు. పట్టుకోవాలంటే వంగాలి. మీరా కొట్టిన ప్రతి దెబ్బా అరచేతుల్లోంచి భుజాల దాకా పాకింది. కాసేపటికే నడుం లాగేసింది. వదలమని మీరా అనలేదు. రివిట్లన్నీ అయ్యేదాకా త్రినాధరావు వదలలేదు. అయ్యాక చేతులు చూసుకుంటే మసి, రెండు చోట్ల చర్మం లేచిపోయింది. మీరా నీళ్ళ కుండ కాలితో అతని వైపు జరిపాడు. "కడుక్కోండి," అన్నాడు.

సోమవారం కూడా హాజిరాబీ బడికి రాలేదు. ఆడపిల్లల బల్ల మీద ఆ చోటు అలాగే ఉంది. త్రినాధరావు ఎవర్నీ ఏమీ అడగలేదు. పాఠం చెప్పాడు. చమత్కారాలేవీ తోచలేదు, వెతకలేదు కూడా. బజార్లో ఆ పేరు పూర్తిగా చావలేదు. ఊరి చివర్ల నుంచి వచ్చేవాళ్ళు ఇంకా అంటూనే ఉన్నారని తలుపులమ్మ చెప్పింది. "నాను మాత్రం మీరా గారూ అన్నాను," అంది. "ఆయన ఎనక్కి తిరిగి సూసేడు, ఇంకెవరినో పిలిచేననుకుని."

మంగళవారం మూడో పీరియడ్ గంట కొట్టారు. త్రినాధరావు గుమ్మంలో అడుగు పెట్టేసరికి క్లాసు చిత్రమైన నిశ్శబ్దంలో ఉంది. ఏదో జరగబోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టే నిశ్శబ్దం. అతనికి బాగా తెలిసిందే. ఇన్నాళ్ళూ అది తన కోసం ఎదురు చూసేది.

బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "బెంటు మేస్టారు."

కింద బొమ్మ. పెనం పట్టుకుని వంగిన మనిషి, కళ్ళజోడు, ముక్కు కొంచెం పెద్దది. ఎవరు వేశారో గానీ బాగానే వేశారు.

అతను డస్టరు చేతిలోకి తీసుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. ఎవరు రాశారని అడగడానికి తిరిగి, ఆడపిల్లల బల్ల చూశాడు.

హాజిరాబీ వచ్చింది. తన చోట్లోనే కూర్చుని ఉంది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కన బుల్లమ్మ మోచేత్తో పొడిచింది, ఆపమన్నట్టు. హాజిరా ఆపుకోలేకపోయింది. చెయ్యి తీసేసి పైకే నవ్వింది. ఆమెని చూసి బల్ల బల్లంతా నవ్వింది. తర్వాత క్లాసంతా.

మేస్టారు తనని చూస్తున్నారని ఆ పిల్లకి తెలుసు. అయినా తల దించలేదు.

త్రినాధరావు డస్టరు బల్ల మీద పెట్టేశాడు. నవ్వులు వాటంతటవే సద్దుమణిగేదాకా చేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత సుద్దముక్క తీసుకుని, బొమ్మ పక్కన మిగిలిన కాస్త చోట్లో, అక్షరాలు ఇరికించుకుంటూ ఆ రోజు పాఠం పేరు రాయడం మొదలుపెట్టాడు.